ఎర్ర కార్డు లేని వంద రోజులు

మీ ఆఫీసుల్లో గోడ నిండా రంగురంగుల చీటీలు అంటించి, పొద్దున్నే వాటి ముందు నిలబడి పదిహేను నిమిషాలు మాట్లాడుకుంటారని విన్నాను. నిలబడే ఎందుకు మాట్లాడాలో మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. కూర్చుంటే గంట పడుతుందని, అంతే. మా కంపెనీలో ఆ చీటీలు మొట్టమొదట గోడకు అంటించినవాణ్ణి నేనే. కొత్తగా చేరినవాళ్ళకు పనికొస్తుంది, ఆ రోజుల గురించి ఏదైనా రాసిమ్మని పాత సహోద్యోగి ఒకాయన నాలుగైదు నెలలుగా నా ప్రాణం తీస్తున్నాడు. ఆ పద్ధతి మీద నేను ఇచ్చిన ఉపన్యాసాలకు లెక్క లేదు. వాటిని మళ్ళీ ఏకరువు పెట్టే ఓపిక నాకు లేదు, వినే ఓపిక మీకూ ఉండదు. ఏ ఉపన్యాసంలోనూ చెప్పని సంగతి ఒకటుంది. అదే రాస్తున్నాను.

తొంభైల్లో నేను బెంగళూరు పక్కన జిగణిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేశాను. బండ్లకు బ్రేకు భాగాలు తయారుచేసేవాళ్ళం. చిత్తూరు జిల్లా సరిహద్దు నుంచి మెకానికల్ పట్టా చేతపట్టుకుని బస్సెక్కి వచ్చి, క్వాలిటీ విభాగంలో ఇంజనీరుగా చేరాను. జపాన్ వాళ్ళ దగ్గర నేర్చుకున్న పద్ధతి అని మా యాజమాన్యం అక్కడ ఒకటి ప్రవేశపెట్టింది. దానికి లీన్ అని పేరున్నట్టు నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అందులో చాలా శాస్త్రం ఉంది గానీ, ఈ కథకు కావలసింది రెండే ముక్కలు. ఒకటి, సగం చేసిన సరుకు ఎక్కడా గుట్ట పడకూడదు. ముందు బల్ల దగ్గర ఖాళీ అయ్యేదాకా వెనక బల్ల వాళ్ళు చేతులు ముడుచుకుని ఉండాలే తప్ప కొత్తది చేయకూడదు. రెండు, తప్పు కనబడితే ఎవరైనా సరే లైను ఆపొచ్చు. ప్రతి బల్ల పైనా చేతికందేలా ఒక తాడు వేలాడుతూ ఉండేది. అది లాగితే ఎర్రదీపం వెలిగి, లైను మొత్తం ఆగిపోయేది.

ఆ లైనుకు పెద్దదిక్కు ఒక మేస్త్రీ. వర్తూరు ఆయన. ముత్తాతల కాలం నుంచి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబం. తెలుగు మాట్లాడతాడు, చదవడం మాత్రం కన్నడమే. నలుగురిలో నన్ను సార్ అనేవాడు, ఇద్దరమే ఉన్నప్పుడు అప్పా అనేవాడు. చేరిన కొత్తలో నాకు ఆయనంటే కొంచెం చులకన. పట్టా ఉన్నవాడికి లేనివాడి మీద ఉండే చులకనే, అది మీకూ తెలియనిదేమీ కాదు.

ఒకరోజు ఒకావిడ తాడు లాగింది. దొడ్డబళ్ళాపురంలో మగ్గం పని మానేసి మా దగ్గర చేరి వారం కూడా కాలేదు. ముప్పై మంది పని ఆపి ఆవిడ వైపే చూస్తున్నారు. ఆవిడ మొహం పాలిపోయింది. మేస్త్రీ నడుచుకుంటూ వెళ్ళాడు. తాడు లాగిన చోటికి ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏమి కనపడిందమ్మా నీకి?" అన్నాడు.

ఆవిడ ఒక స్ప్రింగు చూపించింది. మిగతావాటికంటే రంగు తేడాగా ఉందట. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, పక్కబల్ల వాడికి చూపించాడు. నూనె మరక. ఇంకేమీ కాదు.

"మరకమ్మా. ఏమీ లేదు. చూపిచ్చి మంచి పని చేసినావు," అని చెప్పి లైను మళ్ళీ నడిపించాడు.

నాకు ఒళ్ళు మండింది. పక్కకు పిలిచి, "ఊరికే ఆపింది కదా మేస్త్రీ, పది నిమిషాలు పోయాయి. కాస్త గట్టిగా చెప్పొద్దా?" అన్నాను.

"సుమ్నే నిలిపిందని ఈ దినము నేను తిడితినంటే, రేపు నిజంగా నిలపాల్సింది కనపడినా ఆయమ్మ నిలపదప్పా," అన్నాడు. "పది నిమిషాలు పోతే పోనీ. నాకి ఆయమ్మ కండ్లు కావాల."

ఆ ఫ్యాక్టరీలో ఉన్న ఆరేళ్ళలో తాడు వందలసార్లు లాగుడు పడి ఉంటుంది. ఆయన ఒక్కసారి కూడా ఎందుకు నిలిపితివి అని అడగలేదు. ఎంతసేపు పడుతుందనీ అడగలేదు. ఎప్పుడూ మొదటి మాట ఒకటే, ఏమి కనపడింది అని. ఇది నేను అప్పట్లో గమనించలేదు. గమనించి ఉంటే ఇవాళ మీకు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ తర్వాత ఊరు ఊరంతా సాఫ్ట్‌వేర్ వైపు పరుగెడుతుంటే నేనూ పరుగెత్తాను. ఒక కోర్సు చేసి, ఓ మాదిరి కంపెనీలో దూరాను. కోడ్ రాయడం నాకు అంతంతమాత్రంగానే వచ్చింది. ఆ సంగతి వాళ్ళు త్వరగానే కనిపెట్టి, ఫ్యాక్టరీ క్రమశిక్షణ ఉన్నవాడు కదా అని ప్రాజెక్టు మేనేజరును చేశారు. పని రానివాణ్ణి పనిచేసేవాళ్ళ మీద పెట్టడం అక్కడా ఇక్కడా ఒకటేనని అప్పుడు అర్థమైంది.

అక్కడ నా కంటికి మొదట ఆనింది గుట్ట. కోడ్ రాసేవాళ్ళు ఇరవై మంది మూడు నెలలపాటు రాసి రాసి, చివరి మూడు వారాల్లో అదంతా నలుగురు టెస్టర్ల నెత్తిన కుమ్మరించేవాళ్ళు. టెస్టర్లంటే ఆ కోడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసేవాళ్ళు. వాళ్ళు తిండీ నీళ్ళూ మాని చూసినా సగం కూడా పూర్తయ్యేది కాదు. ఫ్యాక్టరీలో అయితే అంత గుట్ట దారికి అడ్డంపడి అందరి కాళ్ళకూ తగిలేది. ఇక్కడ గుట్ట కంప్యూటర్లో ఉంటుంది కాబట్టి ఎవరి కాలికీ తగలదు.

అప్పుడు మా చేతిలో ఉన్న పని ఒక మందుల గోదాముకు సాఫ్ట్‌వేర్. గోదాములోకి ఏ మందు వచ్చింది, దాని గడువు ఎప్పటిదాకా, ఏ దుకాణానికి ఏ డబ్బా పంపాలి అన్నీ అదే చెప్పాలి. గడువు దాటిన డబ్బా గడప దాటకూడదు. ఆ పనిని నేను ముక్కలు ముక్కలు చేసి, ముక్కకో చీటీ రాసి, గోడ మీద గళ్ళు గీసి అంటించాను. టెస్టింగ్ గడిలో ఐదు చీటీలకు మించి ఉండకూడదని నియమం పెట్టాను. ఐదూ నిండితే కోడ్ రాసేవాళ్ళు కొత్తది మొదలుపెట్టకూడదు, లేచి వెళ్ళి టెస్టర్లకు సాయం చేయాలి.

"నేను టెస్టింగ్ చెయ్యాలా సార్?" అన్నాడు మాలో అందరికంటే చురుకైన కుర్రాడు. ఎవరింట్లోనో అంట్లు తోమమన్నట్టుంది మొహం.

"చెయ్యక్కర్లేదు. ఖాళీగా కూర్చున్నా నాకు సంతోషమే," అన్నాను.

రెండు రోజులు పంతానికి ఖాళీగానే కూర్చున్నాడు. మూడోరోజు కుర్చీ లాక్కుని టెస్టర్ పక్కన చేరాడు. ఆరు వారాల్లో గుట్ట కరిగిపోయింది. జనం సాయంత్రం వెలుతురుండగానే ఇళ్ళకు పోసాగారు. మా డైరెక్టరు నన్ను పక్క ప్రాజెక్టులకు కూడా చెప్పమన్నాడు. స్లైడ్లు తయారుచేసుకుని గది గదికీ తిరిగి చెప్పాను. కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఫ్యాక్టరీలోని తాడు కూడా తేవాలి కదా. తాడు బదులు ఎర్ర కార్డు పెట్టాను. ఎవరికి ఏ తప్పు కనబడినా ఒక ఎర్ర కార్డు తీసి గోడకు అంటించవచ్చు. వెంటనే అందరూ పని ఆపి దాని సంగతి చూడాలి. కాకపోతే ఆఫీసు కదా, కాస్త పద్ధతిగా ఉంటుందని కార్డు మీద పేరు రాయమన్నాను. సాయంత్రం నా సమావేశంలో కారణం వివరించమన్నాను. అంతటితో ఊరుకున్నా కొంత నయం. ఫ్యాక్టరీ గేటు దగ్గర ప్రమాదం లేని రోజులు ఇన్ని అని ఒక బోర్డు ఉండేది. అది నాకు భలే నచ్చేది. దాన్ని కూడా తెచ్చి ఇక్కడ పెట్టాను, ఎర్ర కార్డు లేని రోజులు అని. రోజూ పొద్దున్నే వచ్చి అంకె నేనే మార్చేవాణ్ణి. ప్రమాదాన్ని లెక్కపెట్టే బోర్డును తీసుకొచ్చి, ప్రమాదాన్ని ఆపే తాడుకు తగిలించానన్నమాట. ఇలాంటి పొరపాటు ఫ్యాక్టరీ ఎరగని సాఫ్ట్‌వేర్ వాడు చేయలేడు, ఫ్యాక్టరీలోనే ఉండిపోయినవాడూ చేయలేడు. నాలాగా సగం సగం తెలిసినవాడే చేయాలి.

ఆ టెస్టర్లలో హిందూపురం అమ్మాయి ఒకతె ఉండేది. నా సీటు వెనక వరసే. ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద వచ్చి ఏడాది కావస్తోంది. ఏడాది నిండగానే కంపెనీ ఉద్యోగంలోకి తీసుకోవాలా వద్దా అన్నది తేలాలి, తేల్చాల్సింది నేను. తండ్రికి చూపు పోయిందని, తమ్ముడూ చెల్లెలూ చదువుతున్నారని, ఇంటికి ఆధారం తనేనని నాకు తెలుసు. ఆ అమ్మాయి చెప్పలేదు, ఆమెను పంపిన ఏజెన్సీ ఆయన చెప్పాడు. తక్కువ మాట్లాడేది. తప్పులు మాత్రం తక్కినవాళ్ళు చూసి దాటిపోయిన చోట పట్టేది.

డెబ్బై రోజులు దాటాక ఒకసారి మేస్త్రీని మా ఆఫీసుకు పిలిచాను. చూడు మేస్త్రీ, నీ పద్ధతి ఎక్కడిదాకా వచ్చిందో అని చూపించుకోవాలని. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, విజిటరు బిళ్ళ మెడలో తగిలించుకుని, ఏసీ చలికి చేతులు నలుపుకుంటూ వరసల మధ్య తిరిగాడు.

"సరుకు యాడుండాదప్పా?" అన్నాడు.

గోడ చూపించాను. గళ్ళు, చీటీలు, ఐదుకు మించకూడదన్న నియమం అన్నీ వివరించాను. నిజంగానే సంబరపడ్డాడు. "కండ్లకు కనపడని దాన్ని గోడకెక్కించినావే," అని నా వీపు తట్టాడు. తర్వాత ఎర్ర కార్డుల పెట్టె చూశాడు.

"ఇది మన తాడేనా?"

"అవును మేస్త్రీ."

"ఎన్ని తూర్లు పడింది?"

నేను ఛాతీ విరుచుకుని బోర్డు చూపించాను. "ఒక్కసారి కూడా పడలేదు. డెబ్బై మూడు రోజులు!"

ఆయన ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. "ఒక తూరి గూడా పడలేదా," అన్నాడు. "ఏమో అప్పా. ఈ పని నాకి తెలీదు. మా పక్క అయితే తాడు పడని దినము నాకి నిద్ర పట్టేది కాదు," అన్నాడు. నేను నవ్వేశాను. ముసలాయన ఫ్యాక్టరీ చాదస్తం అనుకున్నాను. క్యాంటీన్‌కు తీసుకువెళ్ళి వడ పెట్టించి పంపాను.

వందో రోజు శుక్రవారం వచ్చింది. అదే రోజు మధ్యాహ్నం గోదాము వాళ్ళు వచ్చి సాఫ్ట్‌వేర్ చూసి, ఒప్పుకుని తీసుకువెళ్ళాలి. వందకు గుర్తుగా అయ్యంగార్ బేకరీలో కేకు చెప్పాను. డైరెక్టరు స్వయంగా వచ్చి కోస్తానన్నాడు. పొద్దున అంకె మార్చినప్పుడు జనం చప్పట్లు కొట్టారు.

పదకొండింటికి తలెత్తి చూస్తే గోడ మీద ఎర్ర కార్డు ఉంది. దాని ముందు ఆ అమ్మాయి నిలబడి ఉంది. నేను పరుగెత్తాను. నడవలేదు, పరుగెత్తాను.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాను. అదీ నా మొదటి మాట.

"తెలీదు సార్. రెండు రోజులు పట్టొచ్చు. వాపసు వచ్చిన బాక్సుల్లో సార్, డేట్..."

"ఇవాళే వేయాలా ఇది? గోదాము వాళ్ళు మూడింటికి వస్తున్నారు, తెలుసు కదా?"

"తెలుసు సార్. అందుకే వేసినా."

"ఎన్నిసార్లు వచ్చింది?"

"ముప్పై సార్లు చేస్తే రెండు తూర్లు వచ్చింది సార్."

"రెండుసార్లకి ఎర్ర కార్డా? మామూలు బగ్గు లాగా రాసిపెట్టు. వచ్చే వారం చూద్దాం."

ఆమె ఇంకేదో అనబోయింది. నేను కార్డు పీకి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాను. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు చూశారు, చూసి మళ్ళీ తెరల వైపు తిరిగారు. ఆ అమ్మాయి ఉద్యోగం సంగతి తేలడానికి అప్పటికి మూడు వారాలుంది. ఆ మాట నేను ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరం రాలేదు. ఎవరి చేతిలో ఏముందో ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం కేకు కోశారు. అందరితోపాటు ఆమె కూడా నిలబడి తన ముక్క తింది. నాలుగింటికి టెస్టింగ్ పూర్తయిందన్న కాగితం ఆమె ముందు పెట్టి, "సంతకం పెట్టమ్మా," అన్నాను. నా మొహంకేసి ఒకసారి చూసి పెట్టింది. గోదాము వాళ్ళు సంతోషంగా వెళ్ళారు. వచ్చే వారం చూద్దామన్న బగ్గును వచ్చే వారం ఎవరూ చూడలేదు. మూడు వారాలకు ఆమెను ఉద్యోగంలోకి తీసుకోమని నేను రాసిన కాగితం పైకి వెళ్ళింది. అది సంతకాల కోసం ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు తిరుగుతూ ఉంది.

అది ఇంకా తిరుగుతుండగానే గోదాము నుంచి ఫోను. ఒక మందుల దుకాణం ఆయన తనకు వచ్చిన పిల్లల సిరప్ డబ్బా మీద గడువు చూసుకుని వెనక్కి పంపాడట. నాలుగు నెలల కిందటే గడువు తీరిపోయింది. వెతికితే అలాంటివి ఇంకొన్ని దుకాణాల్లో దొరికాయి. ఎవరి కడుపులోకీ పోలేదు. ఆ దుకాణం ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూడబట్టి పోలేదు, నా గొప్ప ఏమీ లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తేల్చడానికి సమావేశం పెట్టారు. నడిపించమని నన్నే అడిగారు, ఎందుకంటే ఆ విద్య నాదే. ఐదుసార్లు ఎందుకు అని అడుగుతూ పోతే అసలు వేరు దొరుకుతుందని ఫ్యాక్టరీలో నేర్చుకున్న పద్ధతి. బోర్డు దగ్గర నిలబడి రాయడం మొదలుపెట్టాను. గడువు తీరిన డబ్బా ఎందుకు బయటికి పోయింది? సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్త సరుకు అనుకుంది. ఎందుకనుకుంది? దుకాణాల నుంచి వాపసు వచ్చిన డబ్బాలను మళ్ళీ ఎక్కించేటప్పుడు ఒక్కోసారి పాత తేదీ చెరిగిపోతోంది. అది టెస్టింగ్‌లో ఎందుకు పట్టుకోలేదు?

"టెస్టింగ్ పూర్తయిందని సంతకం ఉంది కదా," అన్నాడు డైరెక్టరు కాగితం తిప్పుతూ. పేరు చదివాడు.

ఆ అమ్మాయి గది చివర కూర్చుని ఉంది. తలెత్తి నావైపు చూసింది. నాలుగో ఎందుకు అడగాల్సింది నేను. దాని జవాబు ఇంట్లో ఉంది. కార్డును బట్టలు ఉతికే ముందు మా ఆవిడ జేబులోంచి తీసి, నా చిల్లర కాగితాలు వేసే బిస్కెట్ డబ్బాలో వేసింది. నేను మార్కరు మూత పెట్టేశాను. మూడు ఎందుకుల దగ్గర సమావేశం ముగిసింది. నేను కార్డు పీకడం చూసినవాళ్ళు కనీసం నలుగురు ఆ గదిలో ఉన్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను. నోరు మూసుకుని ఉండటం వంద రోజులపాటు రోజూ అంకె మార్చి మార్చి వాళ్ళకు నేర్పింది నేనే.

ఆమె కాగితం వద్దన్న మాటతో పైనుంచి వెనక్కి వచ్చింది. ఏజెన్సీకి కూడా ఒక ఉత్తరం పోయింది. చివరిరోజు తన కంప్యూటరు, బిళ్ళ అన్నీ అప్పగించి నా సీటు దగ్గరికి వచ్చింది. నేను కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"ఆ దినం కార్డు మీద అంతా రాసినాను సార్. చదివినారా?"

"చదివాను," అన్నాను.

"సరే సార్," అంది. వెళ్ళిపోయింది.

చదవలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, బిస్కెట్ డబ్బా తెరిచి, అప్పుడు చదివాను.

రెండు వారాలు తాత్సారం చేశాను. చివరికి డైరెక్టరు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "రిపోర్టు వాళ్ళకి పంపేశాం కదా. ఇప్పుడు దాన్ని కెలకడం ఎందుకు?" అన్నాడు. నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన హాయిని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కార్డు పీకడం తొందర, సమావేశంలో నోరెత్తకపోవడం భయం, కానీ ఆ హాయికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు. ఆ అమ్మాయి కోసం వెతికానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. వెతకడం అంటే ఏజెన్సీకి రెండు ఫోన్లు చేశాను. తెలియదన్నారు. సరేనన్నాను.

రోజుల బోర్డు ఆ కార్డు చదివిన మర్నాడే తీసేశాను. కార్డు మీద పేరు రాసే నియమం ఎత్తేశాను. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఉద్యోగం చేశాను. ఎవరు ఎర్ర కార్డు వేసినా నడిచి వెళ్ళి ఏం కనబడింది అనే అడిగాను. మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఏడాది పట్టింది, మళ్ళీ కార్డులు పడటానికి. దాన్ని నా పద్ధతి అని కొత్తవాళ్ళు నోటు పుస్తకాల్లో రాసుకునేవాళ్ళు. నేను కాదనలేదు. ఆ పద్ధతి నేర్చుకోవడానికి ఎవరి ఉద్యోగం పోయిందో చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు నా చేతిలో ఎవరి కాగితమూ లేదు, ఎవరి చేతిలోనూ నాది లేదు. ధైర్యం అనుకోకండి, రిటైరయ్యాను, అంతే.

ఆ అమ్మాయి వెళ్ళిపోయిన కొత్తలోనే, ఆ కార్డు పట్టుకుని ఒక ఆదివారం వర్తూరు వెళ్ళాను. మేస్త్రీ వరండాలో కన్నడ పేపరు చదువుతూ ఉన్నాడు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. మేమిద్దరం వరండా పిట్టగోడ మీది దుమ్ము తుడుచుకుని కూర్చున్నాం. జరిగిందంతా చెప్పాను. చెప్పడం అయిపోయాక ఆయన మొదట అడిగింది ఇదే.

"ఆయమ్మకి ఏమి కనపడిందని అడిగితివా?"

"లేదు మేస్త్రీ."

"ఏమి రాసింది దాంట్లో? చదువు, విందాము."

ఇంగ్లీషులో రాసిన నాలుగు వాక్యాలు. ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పాను. వాపసు వచ్చిన డబ్బాలను మళ్ళీ ఎక్కిస్తుంటే ఒక్కోసారి గడువు తేదీ చెరిగిపోతోంది. గడువు తీరిన మందు బయటికి పోయే ప్రమాదం ఉంది. నేను పొరబడి ఉండొచ్చు. దయచేసి ఒక్కసారి నా సీటు దగ్గరికి వచ్చి చూడండి.

ఆయన కార్డు నా చేతిలోంచి తీసుకుని, తనకు రాని ఆ అక్షరాల వైపు చూశాడు.

"ఆయమ్మ సీటు యాడుండె?" అన్నాడు.

"నా వెనకే మేస్త్రీ. పది అడుగులుంటుంది."

"పది అడుగులా," అన్నాడు. కార్డు మడిచి నా జేబులో పెట్టి, కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు.